కొట్టంలో బాలింత

రాయదుర్గం గుట్టల కింది పేటలో క్రిస్మస్ వచ్చిందంటే చర్చిలో పశువుల పాక కట్టాల్సిందే. పాకకి జొన్నచొప్ప రుక్కమ్మ కొట్టంలోంచి రావాలి. పాకలో కట్టేసే లేగదూడ రుక్కమ్మ కొట్టంలోంచి రావాలి. బాలయేసుని పడుకోబెట్టే రాతి తొట్టి కూడా ఆ కొట్టంలోదే. రుక్కమ్మ పెనిమిటి బతికున్న రోజుల్లో ఒకే బండలోంచి తొలిచిన తొట్టి అది. దాన్ని లేపాలంటే మొనగాళ్ళకి కూడా నడుములు పట్టేవి. ఇప్పుడక్కడ అద్దాల మేడలు తప్ప ఇంకేమీ కనబడవు గాని, అప్పుడది బండల రాజ్యం. బండల సందుల్లో సీతాఫలం పొదలు, పొద్దంతా సుత్తి చప్పుడు, సాయంకాలం ఒళ్ళంతా రాతిపొడితో ఇళ్ళకి చేరే మనుషులు. ఆ గుట్టల కొసన చిన్న పేట, పేటకో పెంకుల చర్చి.

బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిందని ఊళ్ళో రేడియో చెప్పిన రెండు మూడు రోజులకే రుక్కమ్మ కోడలు భాగ్యమ్మ ప్రసవించింది. మగపిల్లవాడు. పుట్టింది ఆ కొట్టంలోనే.

ఇల్లుండగా కొట్టంలో ఎందుకంటారా? ఆ పేట రివాజు అది. ఇంట్లో పురుడొస్తే ఇల్లంతా అంటవుతుందని, నొప్పులు మొదలవగానే ఆడమనిషిని కొట్టంలోకి పంపేవాళ్ళు. బాప్తిస్మం తీసుకొని రెండు తరాలైంది, గోడకి సిలువ వేలాడుతోంది, ఆదివారం పనికి పోవడం మానేశారు. అయినా పురుడు పురుడే! కొట్టం గుమ్మానికి వేపమండలు కట్టారు. గుమ్మానికి అడ్డంగా కొడవలి, చీపురు, ఒక పాత చెప్పు పెట్టారు. బాలింత తలకింద బైబిలు పెట్టారు. దేనివల్ల మేలు జరుగుతుందో ఎవరు చూడొచ్చారు, అన్నీ ఉంటే పోయేదేముంది అని రుక్కమ్మ లెక్క.

రుక్కమ్మ మాటంటే పేటలో శాసనం. చర్చి తాళంచెవి ఆమె మొలలో ఉంటుంది. చర్చి నేల అలికేది, చాపలు దులిపేది, దీపం బుడ్లు తుడిచేది ఆమె. ఎప్పుడో ఒక దొరసాని ఇచ్చిపోయిన బాలయేసు బొమ్మ కూడా ఆమె అధీనంలోనే ఉండేది. గులాబి బుగ్గలు, నీలం కళ్ళు, పడుకోబెడితే కళ్ళు మూసుకుంటుంది. ఏడాదంతా కలరా ఉండల మధ్య రేకు పెట్టెలో నిద్రపోయి, క్రిస్మస్ పొద్దున రుక్కమ్మ చేతుల మీదుగా బయటికొచ్చి తొట్టిలోకి చేరేది. అలాంటి చేతులతో పురిటి బిడ్డని ముట్టుకుంటే ఇంకేమన్నా ఉందా? అందుకని మనవడు పుట్టిన ఘడియ నుంచీ రుక్కమ్మ వాణ్ణి ముట్టుకోలేదు. పొద్దున, మాపున వేపమండల అవతల నిలబడి ఒకే ఒక్క మాట అడిగేది.

"తాగిండా?"

"కొంచెం తాగిండత్తా," అనేది భాగ్యమ్మ.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పిల్లవాడు రొమ్ము పట్టేవాడు, రెండు చుక్కలు పీల్చేవాడు, అలసిపోయి వదిలేసేవాడు. ఏడుపు కూడా పిల్లి కూన ఏడ్చినట్టు సన్నగా ఉండేది. ఊళ్ళోంచి రోజూ వచ్చి తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసే మంత్రసాని కిష్టమ్మ వాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకొని, ముక్కు వత్తి, తల నిమిరి, నవ్వుతూనే మాట్లాడేది.

"ఏందిర, నవాబు కొడుకువా? అన్నీ నోట్లెకు రావాల్నా? జర కష్టపడు!"

నవ్వేది గాని, వెళ్ళేటప్పుడు భాగ్యమ్మ ముఖంలోకి సూటిగా చూసేది కాదు.

ఎందుకంటే ఇంతకు ముందు రెండుసార్లు ఇలాగే అయింది. మొదట ఒక కొడుకు, తర్వాత ఒక కూతురు. ఇద్దరూ పురుడు తీరకముందే కళ్ళు మూశారు. ఆ పేటలో పురుడు తీరాక, తల్లి తలస్నానం చేసి బిడ్డతో చర్చికి వెళ్ళిన రోజునే పేరు పెట్టేవాళ్ళు. ఇంటి పెద్ద ఆడమనిషి ముందు బిడ్డ చెవిలో పేరు చెప్పాలి, తర్వాత అయ్యగారు నీళ్ళు చల్లి దాన్నే అందరి ముందూ పిలవాలి. అందాకా బిడ్డకి పేరుండదు. పేరు లేకుండానే ఆ ఇద్దర్నీ ఏనుగుబండ పక్కన పూడ్చారు. భాగ్యమ్మ ఎన్నోసార్లు ఆ బండ దగ్గర నిలబడి ఏడ్చింది. ఏడుస్తూ పిలుద్దామంటే నోట్లోకి ఏమీ వచ్చేది కాదు. కన్నబిడ్డల్ని తలుచుకోవడానికి పేరు కూడా లేని తల్లి కష్టం పగవాళ్ళకి కూడా వద్దు.

ఈసారి అలా కానివ్వకూడదనుకుంది. ఉంటాడో పోతాడో దేవుడి దయ, కాని పేరు లేకుండా మాత్రం పోకూడదు.

"అత్తా," అంది ఒక మాపున, వేపమండల వైపు తిరిగి. "పండుగ దినం బిడ్డను తీస్కొని గుడికొస్త. పేరు పెట్టిస్త."

రుక్కమ్మ ఉలిక్కిపడింది. "పురుడు తీరకుండనా? మతి ఉండే మాట్లాడుతున్నవా?"

"వాడు తాగుతలేడత్తా. మల్ల గట్లనే అయితే?"

"నోరు మూయ్! పాడు మాటలు మాట్లాడకు." రుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

భాగ్యమ్మ పెనిమిటి ఐలయ్యని పట్టుకుంది. అతను గుమ్మం బయట గొంతుక్కూర్చొని బీడీ కాలుస్తున్నాడు.

"అమ్మకు ఎదురుచెప్పే మొగోడు ఈ పేటల ఇంకా పుట్టలే, భాగ్యా."

"నీ కొడుకు పుట్టిండు గద. వాడు చెప్తడు గని, జర పెద్దగ కానియ్యి," అంది భాగ్యమ్మ. అంటూనే ఏడ్చేసింది. ఐలయ్య బీడీ పారేసి, ఏం చెయ్యాలో తోచక, అయ్యగారి దగ్గరికి పోయాడు.

అయ్యగారంటే పాస్టరు కృపాదానంగారు. కోస్తా మనిషి, మెత్తని వాడు, మెహదీపట్నం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి ప్రసంగం చెప్పి పోతుంటాడు. విషయం విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాదేముందండి ఐలయ్యగారూ! తాళం మీ అమ్మగారిది, చాపలు ఆవిడవి, ఆఖరికి బాలయేసు కూడా ఆవిడ పెట్టెలోనే ఉన్నాడు. నా చేతిలో ఉన్నది ప్రసంగం ఒక్కటేనండి. ఆవిణ్ణి కాదంటే రేపు అది కూడా ఉండదు."

పండగ ముందురోజు మధ్యాహ్నం మగవాళ్ళు కొట్టానికొచ్చారు. పురిటి చోటు కాబట్టి భాగ్యమ్మ మంచానికి అడ్డంగా గోనెపట్టా కట్టి ఉంది. వాళ్ళు అటు చూడకుండా తలలు పక్కకి తిప్పుకొని, చొప్ప మోపులు కట్టారు. తొట్టి చుట్టూ తాళ్ళు వేసి, ఆపసోపాలు పడుతూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ దాన్ని మోసుకుపోయారు. బొమ్మ పాకకి కావలసినవన్నీ నిజం కొట్టంలోంచి ఎత్తుకుపోతూ, గోనెపట్టా వెనక పురిటి బిడ్డ సన్నగా ఏడుస్తుంటే, ఆ బుద్ధిమంతుల్లో ఒక్కడికి కూడా ఏమీ తట్టలేదు! పాక బాగా కట్టాలన్న ధ్యాసలో ఉన్నారు మరి.

వాళ్ళు వెళ్ళాక కొట్టం బోసిపోయింది. గంగ, ఆ ఇంటి ఆవు, తొట్టి ఉండే చోటుని మూతితో వాసన చూసి నిట్టూర్చింది. కుంపటి మీద వేసిన సాంబ్రాణి పొగ మెల్లగా చూరు దాకా లేచింది. చూరు సందుల్లోంచి దిగిన ఎండ ఆ పొగలో నిలబడిపోయింది. దూరంగా చర్చిలో పాట నేర్చుకుంటున్నారు. ఒక చరణం అంటారు, తప్పుతారు, నవ్వుతారు, మళ్ళీ మొదలుపెడతారు. భాగ్యమ్మకి కళ్ళు బరువెక్కాయి. మూతపడ్డాయో లేదో ఆమెకే తెలియలేదు, ఎందుకంటే కళ్ళ ముందు అదే కొట్టం, అదే గంగ, అదే పొగ. కాకపోతే గోడవార చొప్ప మీద ఇంకో ఆడమనిషి కాళ్ళు చాపుకొని కూర్చుంది.

చిన్నది. ఇంకా పిల్లతనం పోని ముఖం. మడమలు పగిలి దుమ్ము కొట్టుకున్నాయి. బాలింతలు కట్టుకునే నడికట్టు కట్టుకుంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన బిడ్డ.

"యే ఊరు చెల్లె?" అని అడిగింది భాగ్యమ్మ. ఆమె అక్కడుండటం వింతగా అనిపించలేదు.

"దూరమక్కా. నడిచి నడిచి వచ్చినం. ఇండ్లల్ల యాడ జాగ దొరకలే."

"మరి కాన్పెవరు చేసిండ్రు?"

"ఎవరున్నరు చెయ్యనీకి? మా ఆయన వడ్రంగి పని చేస్తడు. కట్టె కోసుడు తెలుసు గని, బొడ్డు కోసుడు ఆయనకేం తెలుసు? చేతులు వణికినయ్ పాపం."

భాగ్యమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది. "కాయం తిన్నవా?"

"ఎవరు పెట్టాలె?"

కిష్టమ్మ ఆకులో పెట్టి వెళ్ళిన కాయం ఉండని భాగ్యమ్మ సగానికి విరిచి ఇచ్చింది. మిరియాలూ శొంఠీ బెల్లమూ నెయ్యీ కలిపిన ఉండ. ఆమె ఆబగా తిని, వేళ్ళకంటిన నెయ్యి నాకింది. పాపం, ఎంత ఆకలితో ఉందో అనుకుంది భాగ్యమ్మ.

"నీ బిడ్డ తాగుతుండా?"

"మొదట్ల తాగలే. నేను మస్తు ఏడ్చిన. లోకానికంత బువ్వ పెట్టేటోడు, నా పాలు తాగరాక ఏడ్చిండు." ఆమె బిడ్డ నుదుటి మీద జుట్టు సర్దింది. "తర్వాత నేర్చుకున్నడు. ఒళ్ళు తొడుక్కొని వచ్చినంక అన్నీ నేర్చుకోవాలె గద. ఆకలి గూడ నేర్చుకోవాలె."

ఆ మాటకి భాగ్యమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. కలలో అన్నీ సబబుగానే ఉంటాయి. ఆమెకి ఉన్నది ఒకటే దిగులు, అదే అడిగింది.

"నిన్ను గుడిలకు రానిస్తుండ్రా?"

"యాడిది! మా కాడ మీకంటె ఎక్కువ దినాలు. బాలెంతను గుడి తట్టు గూడ రానియ్యరు."

"మరి దేవుని కాడికి ఎట్ల పోయినవ్?"

ఆమె భాగ్యమ్మ వైపు వింతగా చూసింది. "నేనెక్కడ పోయిన అక్కా? నాకు లేవనీకే చాత కాకపాయె. ఆయనే వచ్చిండు." అని ఒళ్ళోకి చూసుకుంది.

పాట మళ్ళీ తప్పింది, చర్చిలో ఎవరో పెద్దగా నవ్వారు, భాగ్యమ్మ కళ్ళు తెరిచింది. గోడవార ఎవరూ లేరు. ఆకులో కాయం ఉండ సగమే ఉంది. గంగ మూతికి నెయ్యి అంటుకొని తళతళలాడుతోంది. గంగ తిన్నదో, ఆమె తిన్నదో, భాగ్యమ్మ ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది.

పండగ పొద్దున మంచు గుట్టల మీంచి దిగి కొట్టం గుమ్మం దాకా వచ్చింది. చర్చిలో అందరికీ చాయ్ పెట్టాలని గంగ పాలన్నీ పిండేశారు. దూడకి చన్ను నోట అందీ అందకముందే ఐలయ్య పలుపు పట్టుకొని లాక్కుపోయాడు. అతను ఆ రోజు గొర్రెల కాపరి. నల్ల గొంగళి కప్పుకొని, తలకి రుమాలు చుట్టుకొని, తన వేషానికి తనే సిగ్గుపడుతున్నాడు. కిష్టమ్మ వచ్చి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసి, పొగ వేసి, బిడ్డని పక్కలో పెట్టి వెళ్ళింది. వెళ్తూ ఈసారి ఏ వేళాకోళమూ ఆడలేదు.

తర్వాత రుక్కమ్మ వచ్చింది. ఉతికిన తెల్లచీర, మొలలో తాళంచెవి. వేపమండల అవతల నిలబడింది.

"తాగిండా?"

"లేదత్తా," అంది భాగ్యమ్మ. అబద్ధమాడే ఓపిక కూడా అయిపోయింది. "తెల్లారగట్ల నుంచి నోట పట్టలే."

రుక్కమ్మ పెదవులు కదిలాయి. చెయ్యి వేపమండ దాకా వచ్చింది. అంతలో చర్చి గంట కొట్టారు. ఆ చేతిని కొంగులో దాచుకొని, రుక్కమ్మ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

పాట మొదలైంది. ఈసారి ఎవరూ తప్పలేదు. భాగ్యమ్మ బిడ్డ పెదవులు తడిమి చూసింది. ఎండిపోయి ఉన్నాయి. వాడు ఏడవడం కూడా మానేశాడు. ఆమెకి ఎక్కడ లేని తెగింపు వచ్చింది. తిడితే తిట్టనీ, వెలివేస్తే వెయ్యనీ! తలకి గుడ్డ చుట్టుకుంది, బిడ్డని గుండెకి అదుముకుంది, మంచం పట్టె పట్టుకొని లేచింది. చర్చి ఎంత దూరమని? చింతచెట్టు దాటితే చర్చే. గోడ పట్టుకొని ఒక్కో అడుగే వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. కొడవలీ చీపురూ దాటడానికి కాలెత్తింది.

కాలు లేవలేదు. కళ్ళ ముందు చింతచెట్టు గిర్రున తిరిగింది. బిడ్డ మీద పడకుండా ఎలాగో జారి, గుమ్మం లోపల చొప్ప మీద కూలబడింది. పాట వినబడుతూనే ఉంది. అంత దగ్గర! ఇంక తన వల్ల కాదని భాగ్యమ్మకి అర్థమైంది. ఏడుపు పొంగుకొచ్చింది.

"నేను రాలేను," అంది పైకే. ఎవరితో అందో ఆమెకి తెలుసు. "నాతోని కాదు. నువ్వే రా."

అదే సమయానికి చర్చిలో ఏం జరిగిందో ఐలయ్య తర్వాత చచ్చేదాకా చెప్పి చెప్పి నవ్వాడు. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టబోతున్నాడు. రుక్కమ్మ రేకు పెట్టె తెరిచి, బొమ్మని రెండు చేతులా ఎత్తి తొట్టి దగ్గరికి తెచ్చింది. పాక గుంజకి కట్టేసిన దూడ అసలే ఆకలితో గింజుకుంటోంది. బొమ్మ మూతి దగ్గరికి రాగానే కలరా ఉండల ఘాటు దాని ముక్కుకి తగిలింది. ఒక్క తుమ్ము తుమ్మి, వెనక్కి గుంజింది. గుంజ ఊడింది. పాక చప్పున కూలి, ముగ్గురు జ్ఞానుల వేషగాళ్ళ మీద చొప్పంతా పడింది. దూడ గుంజతో సహా, దానికి వేలాడుతున్న కాగితపు నక్షత్రంతో సహా, తలుపులోంచి దూకి పరుగెత్తింది.

"పట్టుండ్రి! పట్టుండ్రి!" అంటూ గొంగళ్ళ కాపరులు దాని వెనక. బంగారు కాగితం కిరీటాలు పట్టుకొని జ్ఞానులు వాళ్ళ వెనక. ఇంక ఎవరు ఆగుతారు? చాపల మీదున్న ఆడవాళ్ళూ లేచారు. అందరి వెనక అయ్యగారు, తెరిచిన బైబిలు తెరిచినట్టే గుండెకి ఆనించుకొని, రొప్పుతూ.

భాగ్యమ్మ కళ్ళెత్తేసరికి మంచులోంచి నక్షత్రం ఒకటి ఎగిరెగిరి పడుతూ తన వైపే వస్తోంది. దాని ముందు దూడ. అది కొడవలీ చీపురూ అన్నీ ఒక్క దూకుతో దాటి, ఆమె పక్కనుంచి పోయి, గంగ పొదుగులో తల దూర్చింది.

వెనక వచ్చినవాళ్ళంతా వేపమండల దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయారు. ముందున్నవాడు ఐలయ్య. సాంబ్రాణి పొగ మంచులో కలిసిపోతోంది. గంగ దూడని నాకుతోంది. మిగిలిన చొప్ప మీద, తలకి గుడ్డ చుట్టుకొని, కళ్ళ నిండా నీళ్ళతో బాలింత. ఆమె ఒళ్ళో గుడ్డలో చుట్టిన బిడ్డ. దూడ పాలు చప్పరించే చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు.

అయ్యగారు అందర్నీ తోసుకొని ముందుకొచ్చాడు. చూశాడు. నెల రోజులుగా తయారుచేసుకున్న ప్రసంగం ఆయన నోట్లోనే ఉండిపోయింది. మెల్లగా వంగి తన చెప్పులు విప్పి, దిష్టికి పెట్టిన ఆ పాత చెప్పు పక్కన పెట్టాడు. అది చూసి ఒకరి తర్వాత ఒకరు అందరూ చెప్పులు విప్పారు.

రుక్కమ్మ ఆఖర్న వచ్చింది. చేతుల్లో ఇంకా బొమ్మ ఉంది. జనం దారి ఇచ్చారు. ఆమె వేపమండల దగ్గర నిలబడి కోడల్ని చూసింది, చొప్పని చూసింది, తొట్టి లేని చోటుని చూసింది.

"అయ్యగారూ," అంది. "ఆ దినం మరియమ్మ గూడ బాలెంతనే గద?"

"అవునండి."

"మరి గొర్రెలోళ్ళు లోపలికెట్ల పోయిండ్రు? పురుడు తీరినంక పోయిండ్రా?"

"లేదండి. పుట్టిన రాత్రే వెళ్ళారండి."

"గిన్నేండ్ల సంది ఈ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నానండి," అన్నాడు కృపాదానంగారు దీనంగా. "నేను కూడా ఇవాళే విన్నానండి."

రుక్కమ్మ కొడవలి దాటింది. ఆమె నేరుగా వచ్చి, బొమ్మని పక్కన చొప్ప మీద పడుకోబెట్టింది. అది బుద్ధిగా కళ్ళు మూసుకుంది. ఆ ఖాళీ అయిన చేతులతో మనవణ్ణి ఎత్తుకుంది. ఎత్తుకోగానే, ఇన్నాళ్ళూ ఎలా బిగబట్టిందో ఏమో, ముసలామె వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఒళ్ళు సల్లగున్నదే వీనికి! గింత సల్లగుంటే ఎట్ల తాగుతడే? ఐలిగా, నీ గొంగడి ఇటియ్యి!"

కొడుకు గొంగళి లాక్కొని తల్లినీ బిడ్డనీ కలిపి చుట్టింది. కోడలి వెనక కూర్చొని, ఆమె నడుముని తన గుండెకి ఆనించుకుంది. పిల్లవాడి అరికాళ్ళు రుద్దింది, దవడ కింద వేలు పెట్టి నిమిరింది. "తల జర పైకి పట్టు. గట్ల కాదు, గిట్ల. నేనున్న, నా మీదికి ఒరిగి పండు." ఎన్ని రోజులుగానో బిగుసుకుపోయి ఉన్న భాగ్యమ్మ ఒళ్ళు ఆ ముసలి ఒంటి మీద వదులైంది. పాలు వాటంతటవే కారాయి. పిల్లవాడి పెదవి తడిసింది. వాడు ముఖం ముడిచాడు, వెతికాడు, పట్టుకున్నాడు. ఒకసారి పీల్చాడు. ఆగాడు. మళ్ళీ పీల్చాడు, ఇంక వదల్లేదు.

"తాగుతుండు," అంది రుక్కమ్మ పేటకంతా వినబడేట్టు. ఆడవాళ్ళలో ఎవరో గట్టిగా స్తోత్రం చెప్పారు. గొంగళి లేని గొర్రెల కాపరి తలరుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అయ్యగారు గుమ్మం లోపల మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. "ఇక్కడే పేరు పెట్టేద్దామండి," అన్నాడు. "మీరు బిడ్డ చెవిలో చెప్పండి రుక్కమ్మగారూ, నేను నీళ్ళు చల్లుతాను."

రుక్కమ్మ వంగబోయింది. భాగ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది.

"ముందు పెద్దోళ్ళకు పెట్టుండ్రి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. రుక్కమ్మకి అర్థమైంది. ఆమె తలెత్తి చింతచెట్టు అవతలికి, ఏనుగుబండ వైపు చూసింది. బండ మంచులో సగమే కనబడుతోంది.

"పెద్దోడు గిద్యోను," అంది తడుముకోకుండా. "పిల్ల సలోమి."

అయ్యగారు ఆ రెండు పేర్లనీ ఒక్కొక్కటిగా పిలిచాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళు తలా ఒకసారి మెల్లగా అనుకున్నారు. భాగ్యమ్మ కూడా అంది. నోట్లోకి మాట వచ్చింది! గిద్యోను. సలోమి. మళ్ళీ మళ్ళీ అంది. తర్వాత తల వెనక్కి వాల్చి అత్త ముఖంలోకి చూసింది.

"గీ పేర్లు ఎన్నడనుకున్నవత్తా?"

"వాండ్లు పుట్టిన నాడే."

"మరి నాకెన్నడు చెప్పలేదేం?"

"చెవుల చెప్పాలెనని ఉంచుకున్ననే," అంది రుక్కమ్మ. "ఇగ ఎవరి చెవుల చెప్పాలె?"

భాగ్యమ్మ గొంగళిని కొద్దిగా పక్కకి తప్పించి, పాలు తాగుతున్న పిల్లవాడి చెవిని అత్త నోటికి అందేట్టు తిప్పింది. రుక్కమ్మ వంగి, చాలా చిన్నగా, వాడి పేరు వాడికి చెప్పింది.